మైనస్ నలభై మంది బడి

లెక్కల మాస్టరుకి కోపం ముక్కు మీదే ఉంటుందని లోకంలో ఒక అపవాదు ఉంది. నా విషయంలో అది అపవాదు కాదు, నిజమే. అయినా ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం కోప్పడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఎందుకంటే ఇందులో ఎవరూ తప్పు చెయ్యలేదు. లెక్క కూడా తప్పు కాలేదు. అదే నా ఏడుపు.

మాది ఎర్రదిబ్బలపల్లె హైస్కూలు. ఆ యేడు పదో తరగతిలో ఇరవై మంది పిల్లలు. అంతకు ముందు యేడు సగం మంది పాసయ్యారు గనక ఈ యేడు కూడా సగమే పాసవుతారని పైవాళ్ళు ముందే రాసి పెట్టుకున్నారు. అయ్యా, వాళ్ళు వేరే పిల్లలు, వీళ్ళు వేరే పిల్లలు కదా అని ఎవరూ అడగలేదు. అడిగితే నన్ను పిచ్చివాడి కింద జమకట్టారు.

ఆ ఇరవై మందిలో తిరపతమ్మ అని ఒక పిల్ల ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నాతో వాదానికి దిగుతూ ఉండేది. బోర్డు మీద నేను తప్పు వేస్తే, "సారూ, ఆడ ప్లస్సు గదా" అని క్లాసులో అందరి ముందూ నా పరువు తీసేది. వాళ్ళ నాన్న గాలెయ్య ఒకే మాట చెప్పాడు. పది పాసైతే టౌన్లో పాలిటెక్నిక్‌లో చేర్పిస్తాడు. పాసవకపోతే వాళ్ళమ్మతో పాటు పొగాకు కంపెనీకి, ఆకు గ్రేడింగుకి పోవాలి. మధ్యలో ఇంకో దారి లేదు. ఆ పిల్ల పాసవుతుందని నాకు ఎంత నమ్మకమంటే, పాలిటెక్నిక్ అప్లికేషన్ ఎట్లా నింపాలో కూడా అప్పుడే చెప్పేశాను.

ఇంతలో మా జిల్లాకి విద్యా మిశ్రమ విభాగం అని ఒక కొత్త శాఖ ఊడిపడింది. దానికి ప్రత్యేకాధికారి వైకుంఠరావు గారు. ఆయన ఒక రోజు ఇంట్లో పిల్లల లెక్కల పుస్తకం తిరగేస్తూ మిశ్రమాల లెక్క ఒకటి చూశారట. ఒక గిన్నెలో తక్కువ ఉప్పున్న నీళ్ళు, ఇంకో గిన్నెలో ఎక్కువ ఉప్పున్న నీళ్ళు. ఏది ఎంత కలిపితే మనకు కావలసినంత ఉప్పదనం వస్తుంది? ఆ మనకు తెలియని 'ఎంత'ని x అనుకుని సమీకరణం రాస్తారు. ఇందులో వింతేముంది, ప్రతి లెక్కల మాస్టరూ యేటా చెప్పి చెప్పి నోరు అరగదీసుకునేదే. కానీ ఆయనకు మాత్రం జ్ఞానోదయమైపోయింది.

జిల్లాలోని హెడ్మాస్టర్లనూ లెక్కల మాస్టర్లనూ పిలిచి శిక్షణ పెట్టారు. సమోసాలు కూడా పెట్టారు.

"మిత్రులారా!" అన్నారాయన మైకు పట్టుకుని. "విద్యార్థి అనగా ఒక ద్రావణం. ఉత్తీర్ణత అనగా ఆ ద్రావణంలో కరిగి ఉన్న ఉప్పు. ఉప్పు చాలలేదు. ఏం చేస్తారు?"

వెనక నుంచి ఒక అమాయకుడు లేచి, "ఉప్పేస్తాం సార్," అన్నాడు.

"తప్పు! ఉప్పు వెయ్యడమంటే చదువు చెప్పడం. అది కాలహరణంతో కూడిన పని. పైగా ఫలితం అనిశ్చితం. మనం ఏం చేస్తామంటే, ఎక్కువ ఉప్పున్న నీళ్ళు తెచ్చి కలుపుతాం. మీ బడిలో ఉత్తీర్ణత తక్కువా? ఎక్కువ ఉత్తీర్ణత గల బడి నుంచి x మంది విద్యార్థులను తెచ్చి కలపండి. ప్రతి బడీ ఎనభై శాతానికి చేరాలి. x ఎంతో కనుక్కుని పంపండి. తక్కినది ప్రభుత్వం చూసుకుంటుంది."

హాలంతా చప్పట్లు. మా హెడ్మాస్టరు ఓబులేసు గారు అందరికన్నా గట్టిగా కొట్టారు. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, ఎవరు ఏం చెప్పినా చప్పట్లు కొట్టడం అలవాటు చేసుకున్నారు. తిరుగుదారిలో బస్సులో, "మాస్టారూ, ఆ x ఏదో మీరు చూసి రాసెయ్యండి, నేను సంతకం పెట్టేస్తా," అన్నారు.

మాకు దగ్గర్లో ఉన్న పెద్ద బడి మండల కేంద్రంలో హైస్కూలు. దాని శాతం డెబ్బై. మాది యాభై. కావలసింది ఎనభై. ఇక్కడే ఎవరికైనా బుర్ర వెలగాలి. పల్చటి మజ్జిగలో చిక్కటి మజ్జిగ ఎంత కలిపినా ఆ చిక్కటి దాన్ని మించి చిక్కబడదు. యాభైలో డెబ్బై కలిపితే ఎనభై ఎట్లా వస్తుంది? అయినా విధి కదా అని సమీకరణం రాశాను. x విలువ మైనస్ అరవై వచ్చింది. మైనస్ అరవై మందిని తెచ్చి కలపాలన్నమాట! క్లాసులో ఇట్లాంటి జవాబు వస్తే పిల్లల చేత కింద ఒక వాక్యం రాయిస్తాం, 'కావున ఇది సాధ్యం కాదు' అని. నేనూ అదే రాసి పంపాను.

మూడో నాటికల్లా తాఖీదు వచ్చింది. 'సదరు ఉపాధ్యాయుడు ప్రభుత్వ లక్ష్యమును అసాధ్యమని పేర్కొనుట ద్వారా క్రమశిక్షణ ఉల్లంఘించినందున, స్వయముగా హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

వెళ్ళాను. వైకుంఠరావు గారు నా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"x కి విలువ వచ్చిందా, రాలేదా?" అన్నారు.

"వచ్చిందండీ. కానీ మైనస్సు."

"మైనస్ అరవై అనేది సంఖ్యేనా?"

"సంఖ్యేనండీ."

"పాఠ్యపుస్తకంలో ఉందా?"

"ఉందండీ."

"ఆ పుస్తకం ఎవరు ముద్రించారు?"

"ప్రభుత్వమేనండీ."

"మరి ప్రభుత్వం ముద్రించిన సంఖ్యను అసాధ్యమనడానికి మీరెవరండీ?"

ముప్పై మంది పిల్లలు ఒకేసారి అడ్డదిడ్డంగా ప్రశ్నలేస్తే తట్టుకున్న మనిషిని, ఈ ఒక్క ప్రశ్నకు తట్టుకోలేకపోయాను. 'సాధ్యం కాదు' అన్న వాక్యం కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టించుకుని మరీ నన్ను పంపించారు.

ఆ వారంలోనే ఉత్తర్వు వెలువడింది. మండల కేంద్రం హైస్కూలు నుంచి మా బడికి మైనస్ అరవై మంది విద్యార్థులు తక్షణమే బదిలీ. ఉన్నవాళ్ళు ఇరవై, వచ్చినవాళ్ళు మైనస్ అరవై, వెరసి మా పదో తరగతి బలం మైనస్ నలభై. పాసయ్యేవాళ్ళు మా బాపతు పది, వాళ్ళ బాపతు మైనస్ నలభై రెండు, వెరసి మైనస్ ముప్పై రెండు. మైనస్ నలభైలో మైనస్ ముప్పై రెండంటే ఎంత శాతం? మైనస్సూ మైనస్సూ కొట్టేస్తే సరిగ్గా ఎనభై. ఓబులేసు గారు పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చేసి చూశారు. ఎటు చూసినా ఎనభయ్యే.

"అమ్మ మాస్టారూ! ఇంత విద్య కడుపులో పెట్టుకుని ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ!" అని నా వీపు తట్టారు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

లెక్క కాగితం మీద ఆగితే బాగానే ఉండేది. కానీ అమలు పర్యవేక్షణకని ఒక ఇన్‌స్పెక్టరు దిగాడు. నల్ల బ్యాగు, చేతిలో కాలిక్యులేటరు, నిమిషానికోసారి గడియారం చూసుకోవడం. ఆయన వచ్చిన వేళకి వరండాలో పిల్లలు అన్నాలు తింటున్నారు. ఆయన కూడా వాళ్ళ పక్కన కూర్చుని తిని, చెయ్యి కడుక్కున్నాక నిర్ఘాంతపోయాడు.

"మైనస్ నలభై మంది ఉన్న తరగతికి అన్నం వడ్డించడమేమిటి? సూత్రప్రకారం బియ్యం పొయ్యి మీద నుంచి బస్తాలోకి వెళ్ళాలి గానీ, బస్తాలోంచి పొయ్యి మీదికి కాదు. నలభై మంది భోజనం మీరే ప్రభుత్వానికి రోజూ జమ చెయ్యాలి," అన్నాడు.

మా వంటమనిషి మస్తానమ్మ గరిటె కింద పెట్టలేదు. "అట్టాగే సారూ. ఇప్పుడు తమరు మా వంకాయ కూరతో రెండుసార్లు మారు పెట్టించుకున్నారుగా, ముందు అది కక్కండి. దాంతో మొదులుపెడతా," అంది.

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకుని వంట విషయాన్ని ఉన్నతాధికారుల పరిశీలనకు వదిలేశాడు. తర్వాత తరగతిలోకి వచ్చి పిల్లల్ని ప్రశ్నలడిగాడు. మాలకొండయ్య అని వెనక బల్ల కుర్రాడు ఏడో ఎక్కం దగ్గర తడబడి, తల గోక్కుని కూర్చున్నాడు. తిరపతమ్మ మాత్రం అడిగినవాటికీ చెప్పింది, అడగనివాటికీ చెప్పింది. నేను గర్వంగా నిలబడ్డాను. ఇన్‌స్పెక్టరు ముఖం మాత్రం అంతకంతకూ వాడిపోయింది. కాలిక్యులేటరు తీసి టకటకా నొక్కాడు.

"మాస్టారూ, ఇది ప్రమాదం," అన్నాడు. "మైనస్ నలభైకి ఒక పాసయ్యే పిల్ల తోడైతే శాతం ఎనభైకి దిగువకి పడిపోతోంది. అదే ఒక ఫెయిలయ్యేవాడు తోడైతే ఎనభై రెండుకి పెరుగుతోంది. చూడండి, కావలిస్తే మీరే నొక్కి చూడండి."

నొక్కి చూశాను. నిజమే. మైనస్సుల లోకంలో అంతే, మంచి చేరితే తగ్గుతుంది, చెడ్డ చేరితే పెరుగుతుంది.

"అందుచేత ఈ అమ్మాయి బడికి రావడం లక్ష్యసాధనకు హానికరం. రేపటి నుంచి రానివ్వకండి. ఆ వెనక కుర్రాణ్ణి మాత్రం ఒక్క రోజు కూడా మానకుండా చూడండి. అవసరమైతే హాజరు బహుమతి ఇవ్వండి."

మాలకొండయ్య పుట్టి బుద్ధెరిగాక ఎవరూ వాణ్ణి అంతగా మెచ్చుకోలేదు. పాపం, వాడే లేచి, "నేను మానుకుంటాలే సారూ, తిరపతమ్మని రానీండి," అన్నాడు. ఇన్‌స్పెక్టరు వాణ్ణి బుజ్జగించి కూర్చోబెట్టాడు.

ఆయన పోయాక తిరపతమ్మ నా దగ్గరికొచ్చింది. ఎప్పుడూ వాదించే పిల్ల, ఆ రోజు వాదానికి దిగలేదు. "నేనేం తప్పు చెప్పా సారూ?" అంది. "నువ్వేం తప్పు చెప్పలేదమ్మా. రేపు మామూలుగానే రా, వాడి మొహం, వాడూను," అన్నాను. ఆ మాట మీద నాకు ఇంకో తాఖీదు వచ్చింది, అది వేరే సంగతి. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల మస్తానమ్మ వంటపాకలో పొయ్యి వెనక కూర్చుని బీజగణితం చేసుకునేది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. అన్ని బళ్ళకీ హాల్ టికెట్లు వచ్చాయి. మాకు రాలేదు. ఫోన్ చేస్తే, మైనస్ నలభై హాల్ టికెట్లు ముద్రించే యంత్రం తమ దగ్గర లేదనీ, పద్ధతి ప్రకారం మా బడే వాళ్ళకి నలభై హాల్ టికెట్లు పంపాలనీ చెప్పారు.

గాలెయ్యకి కబురు తెలిసింది. తువ్వాలు నడుముకి చుట్టుకుని పొద్దున్నే బడికొచ్చాడు.

"ఏంది సారూ ఇది? మా పిల్ల పరీచ్చ రాత్తదా రాయదా? ఒక మాట చెప్పండి. పాలిటెక్నికో గీలిటెక్నికో అని మీరు ఆశ బెట్టబట్టే గదా, పోయినేడు కంపినీ వోళ్ళు అడిగినా పంపలా."

నేను తండ్రినీ కూతుర్నీ వెంటబెట్టుకుని జిల్లా ఆఫీసుకి పోయాను. వైకుంఠరావు గారు మర్యాదస్తులు. గాలెయ్యకి కూడా కుర్చీ వేయించారు. అతను కూర్చోలేదు.

"అయ్యా, ఈ అమ్మాయికి హాల్ టికెట్ ఇప్పించండి," అన్నాను.

"ఈ అమ్మాయి ఏ బడి?"

"ఎర్రదిబ్బలపల్లె."

"అక్కడ ఎవరూ లేరు కదండీ. ఎవరూ లేకపోవడం కూడా కాదు, అంతకన్నా నలభై మంది తక్కువ ఉన్నారు."

"మీ ఎదురుగా నిలబడి ఉంది కదండీ!"

"ప్రత్యక్షంగా కనిపించడం ప్రమాణం కాదు మాస్టారూ. రికార్డు ప్రమాణం. అసలు మీ బడికి పరీక్ష దేనికి? మీ ఫలితం ఎనభై శాతమని సమీకరణంలోనే తేలిపోయింది. తేలిపోయిన ఫలితానికి మళ్ళీ పరీక్ష పెట్టడం ప్రజాధన దుర్వినియోగం."

"సార్, ఆ సమీకరణమే..." అని గొంతు పెంచాను.

"లెక్క తప్పా?" అన్నారాయన శాంతంగా.

తప్పని ఎట్లా చెప్పను? పాతికేళ్ళుగా చెబుతున్న విద్య. ఒక్క అడుగులో కూడా తప్పు లేదు. "తప్పు కాదండీ," అన్నాను.

తిరపతమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత ఆయన వైపు తిరిగి, "సార్, లెక్క తప్పు కాదు. మీరు చేసింది తప్పు. కలపటానికి ఆ మనుషులే లేరు గదా, ఎవురిని కలిపారు?" అంది.

"భేష్!" అన్నారు వైకుంఠరావు గారు. "చూశారా, ఎంత చక్కగా ప్రశ్నిస్తోందో! విద్యాప్రమాణాలు పెరిగాయనడానికి ఇదే నిదర్శనం." అని గంట కొట్టి తర్వాతి వాళ్ళని పిలిచారు.

చివరి ఆశగా మండల కేంద్రం హైస్కూలుకి పోయాం. వాళ్ళ దగ్గర్నుంచి మాకు మైనస్ అరవై మంది వచ్చారంటే, వాళ్ళ లెక్కలో అరవై మంది పెరిగినట్టే కదా. ఆ అరవైలో మా ఇరవై మందినీ ఇరికిస్తే ఏం పోయింది? అక్కడి హెడ్మాస్టరు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు.

"పెరిగిన అరవై మందీ మా సరుకే మాస్టారూ. డెబ్బై శాతం బాపతు. మీ పిల్లలు యాభై శాతం బాపతు. ఇందులో అది కలిపితే కల్తీ అంటారు. నా ఉద్యోగం పోతుంది."

"మా పిల్ల కల్తీనా?" అన్నాడు గాలెయ్య. అతనికి కోపం రాలేదు, అర్థంగాక అడిగాడు. హెడ్మాస్టరు కాఫీ తెప్పించాడు. మేం తాగకుండా వచ్చేశాం.

పరీక్ష రోజున మా ఇరవై మందీ తలకు నూనె పెట్టుకుని, పెన్నులు పట్టుకుని బడికొచ్చారు. ఎందుకొచ్చారో వాళ్ళకే తెలియదు, ఇంట్లో ఉండలేక వచ్చారు. ఓబులేసు గారు తన గదిలోంచి బయటికి రాలేదు. నేను చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను. ఏం రాయాలో తోచలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, బోర్డు వైపు తిరిగి ఏడ్చాను. మధ్యాహ్నం మస్తానమ్మ అందరికీ పాయసం చేసి పెట్టింది. పరీక్ష రాయని పిల్లలకి పాయసం ఎందుకే అంటే, "రాసుంటే పెట్టేదాన్నిగా," అంది.

ఫలితాలొచ్చాయి. ఎర్రదిబ్బలపల్లె ఎనభై శాతం. ఒక్క యేడాదిలో యాభై నుంచి ఎనభైకి ఎగబాకిన బడి జిల్లాలో ఇంకోటి లేదు. నేను ఆఖరి ప్రయత్నంగా, పోనీ ఫెయిలైన వాళ్ళకి పెట్టే సప్లిమెంటరీ పరీక్షైనా మా వాళ్ళ చేత రాయించమని అర్జీ పెట్టాను. జవాబు వెంటనే వచ్చింది. 'మీ బడి నుండి మైనస్ ఎనిమిది మంది అనుత్తీర్ణులైనారు. అనగా ఎనమండుగురు ఫెయిలైన విద్యార్థులను మీరే ప్రభుత్వమునకు బాకీ ఉన్నారు. వారిని సమకూర్చిన పిదప మీ అర్జీ పరిశీలించబడును.'

బడి తెరిచాక అభినందన సభ పెట్టారు. గేటుకి పెద్ద ఫ్లెక్సీ, దాని మీద 80 అంకె మనిషంత ఎత్తున. పూలు చల్లడానికి పరీక్ష రాయని మా ఇరవై మందినే పిలిపించారు, యూనిఫాంలు వాళ్ళకి ఇంకా పడుతున్నాయి గనక. వైకుంఠరావు గారు ఓబులేసు గారికి శాలువా కప్పారు. నాకూ ఒకటి కప్పబోతే, ఉక్కగా ఉందని చెప్పి తప్పించుకున్నాను. ఆయన మైకందుకుని, వచ్చే యేడు నుంచి ఈ విధానం ఆసుపత్రులకూ విస్తరిస్తున్నామనీ, రోగులూ ఆరోగ్యవంతులూ ఎంత పాళ్ళలో కలిస్తే జిల్లా మొత్తం ఆరోగ్యంగా ఉంటుందో x కనుక్కుంటున్నారనీ ప్రకటించారు. ఓబులేసు గారు శాలువాతోనే చప్పట్లు కొట్టారు.

ఆయన మాట్లాడుతుండగానే రోడ్డు మీద ట్రాక్టరు హారన్ మోగింది. పొగాకు కంపెనీ ట్రాక్టరు. ట్రక్కు నిండా ఆడవాళ్ళు, తలకు గుడ్డలు కట్టుకుని. తిరపతమ్మ చేతిలో పూలపళ్ళెం మస్తానమ్మకిచ్చి, చున్నీ తలకు చుట్టుకుంటూ గేటు దాటింది. నేను వెనకాలే పోయాను. ఏం చెబుదామని పోయానో నాకే తెలియదు.

వాళ్ళమ్మ చెయ్యందించి పైకి లాక్కుంది. పక్కనున్న ముసలామె గేటు మీది ఫ్లెక్సీ చూసి, ముఖం ఇంత చేసుకుని తిరపతమ్మ బుగ్గలు పుణికింది.

"అంత పెద్ద అంకె ఏశారే! పాసయ్యావంటనే బంగారూ?"

"బడి పాసయ్యిందవ్వా," అంది తిరపతమ్మ. "మేం గాదు."